ఎండంటే ముఖం దాచుకునే పిల్లాడి గురించి

కావలి

బుజ్జమ్మా,

మొన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకూ మాట రాలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఆటిజం ఉన్న మీ పిల్లాడు స్కూల్ బస్సు దగ్గర నీ కొంగులో ముఖం దాచుకుని అరుస్తున్నాడనీ, ఎండలో కాలు పెట్టడం లేదనీ, మీ అత్తగారు "గారం చేసి చెడగొట్టావు" అంటున్నారనీ చెప్పావు. ఆ మాట నాకు కొత్త కాదు. మావాడి విషయంలో నేనే అన్నాను.

వాడికి ఆరేళ్లప్పుడు కార్తీక మాసంలో అందరం మైపాడు సముద్రానికి వెళ్లాం. స్నానాలయ్యేసరికి పదకొండు దాటింది. ఎదురుగా నీళ్లు తళతళలాడుతున్నాయి, కింద ఇసుక మెరుస్తోంది. వాడు రెండు చేతులూ కళ్ల మీద పెట్టుకుని ఇసుకలో బోర్లా పడుకున్నాడు. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో ఆ చేతులు నేను బలంగా లాగేశాను. వాడు పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆటిజం ఉందని అప్పటికే తెలుసు, కానీ ఎండకూ దానికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల లక్షణాలు రాసే కొత్త మాన్యువల్ తెచ్చినప్పుడు గానీ వెలుతురు, చప్పుడు, స్పర్శ అతిగా తగలడమో అసలు తగలకపోవడమో ఆటిజం లక్షణాల్లో ఒకటిగా అందులో చేరలేదు. అప్పటికి మావాడికి పదిహేనేళ్లు.

మిట్టమధ్యాహ్నం బయట వెలుతురు లక్ష లక్స్ (వెలుతురు కొలత) దాకా ఉంటుంది. మన హాల్లో లైటు కింద రెండు మూడు వందలుంటే ఎక్కువ. గుమ్మం దాటితే వందల రెట్లు పెరుగుతుందన్నమాట. మన కళ్లు క్షణంలో సర్దుకుంటాయి కాబట్టి మనకు తెలియదు. ఆ పిల్లలకు అది ముఖం మీద కొట్టినట్టు ఉంటుంది. మావాడు పెద్దయ్యాక ఒకసారి తనే చెప్పాడు, "అమ్మా, ఎండ చప్పుడు చేస్తది" అని. నాకు అర్థం కాలేదు గానీ నమ్మాను.

అయితే అన్నిటికంటే ముందు కంటి డాక్టరుకు చూపించు. వెలుతురు పడకపోతే ఆటిజమే కారణం అని అనుకోవద్దు. ఎండాకాలంలో ఎక్కువగా మగపిల్లలకు కళ్లు దురదపెట్టి, తీగలా జిగట కారే ఎలర్జీ వస్తుంది, దానికీ వెలుతురు పడదు. మైగ్రేన్‌కూ అంతే. ఇంకోటి, నీ కొడుకు పెరుగన్నం, చిప్స్ తప్ప ముట్టడన్నావు. అలా ఏళ్ల తరబడి రెండు మూడు రకాలే తినే ఆటిజం పిల్లల్లో విటమిన్ ఏ లోపించి కళ్లు పొడిబారిన సందర్భాలున్నాయి. చీకట్లో తడుముకుంటున్నాడేమో గమనించు. కన్ను ఎర్రబడి నొప్పి అంటే రేపు మాపు అనకు, ఆ రోజే వెళ్లు.

ఇక ఇంటి సంగతి. మావాడు మధ్యాహ్నం కంచం నెట్టేసేవాడు. కూర నచ్చలేదేమో అని రోజుకో కూర చేసి విసిగిపోయాను. ఒకరోజు పని ఉండి వాడి చోట నేను కూర్చున్నా. కిటికీలోంచి పడే ఎండ స్టీలు కంచం మీద పడి సూటిగా కంట్లో కొట్టింది. నెలరోజులు వాడు చెబుతోంది అదన్నమాట! చోటు మార్చి విస్తరాకు వేస్తే ముద్ద దిగింది. అందుకని నువ్వు కూడా ఒకరోజు వాడు కూర్చునే చోట, వాడంత ఎత్తుకు వంగి కూర్చుని చూడు. తెల్ల టైల్స్, బీరువా అద్దం, డాబా మీది నీళ్ల ట్యాంకు, ఏది మెరుస్తుందో నీకే తెలుస్తుంది. మాకు పంచ ముందు గ్రీన్ నెట్ కట్టాక సగం గొడవ తగ్గింది.

ట్యూబ్‌లైట్ కూడా చూడు. మన కరెంటుతో పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. కొన్ని చౌకరకం ఎల్ఈడీలూ అంతే. ఫోన్ కెమెరాలోంచి లైటు వైపు చూస్తే నల్లటి గీతలు పాకుతూ కనిపిస్తాయి, అలాంటిది తీసేసి పసుపు రంగు మంచి ఎల్ఈడీ పెట్టు. బల్బు నేరుగా కంటికి కనపడకుండా గోడ వైపు తిప్పితే ఇంకా మంచిది. స్విచ్ వాడి చేతికి అందేలా ఉండాలి. లైటు వాడే ఆర్పుకోవచ్చని తెలిశాక మావాడు ఆర్పడమే తగ్గించాడు, చిత్రం!

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెబుతా. నల్లద్దాలు కొనిచ్చి ఇంట్లో కూడా పెట్టుకోనిచ్చాను, దాదాపు ఏడాది. కళ్లు చీకటికి అలవాటు పడి, మామూలు గది వెలుతురు కూడా భరించలేని స్థితికి వచ్చాడు. డాక్టరు తిట్టి మాన్పించాడు, అదీ కొంచెం కొంచెంగా. అద్దాలు బయటికే. ఎండలో కంటికి చెరుపు చేసే యూవీ కిరణాలు ఆపేవి అని రాసి ఉన్నవి తీసుకో, ఊరికే నల్లగా ఉంటే చాలదు. ప్రత్యేకమైన రంగు అద్దాలతో ఆటిజమే తగ్గుతుందని వేలకు వేలు అడిగేవాళ్లు కూడా తగులుతారు, ఆ మాట నమ్మి డబ్బు పోసుకోకు.

అద్దాలు ముక్కు మీద నిలవనివ్వకపోతే ముందు అంచున్న టోపీ, లోపలి లేబుల్ కత్తిరించి. అదీ వద్దంటే మన రైతుల్లా తలకు తువ్వాలు. మావాడికి ఏదీ పనికిరాలేదు, నల్ల గొడుగు ఒక్కటే నచ్చింది. బయటికి వెళ్లేముందు పంచలో రెండు నిమిషాలు ఆపు, కళ్లు సర్దుకోనివ్వు. "ఇప్పుడు ఎండలోకి పోతున్నాం, ఆ కానుగ చెట్టు దాకా, అక్కడ నీడ ఉంది" అని ముందే చెప్పు. ఎంతసేపో తెలిస్తే ఓర్చుకుంటారు.

బస్సు సంగతి చిన్నదే గానీ పెద్దగా పనికొస్తుంది. పొద్దున బస్సు ఉత్తరంగా పోతుంటే ఎండ కుడివైపు, దక్షిణంగా పోతుంటే ఎడమవైపు కొడుతుంది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో కూడా అదే వైపు పడుతుంది. మీ స్కూల్ బస్సు ఎటు పోతుందో చూసి రెండో వైపు, కిటికీకి దూరంగా సీటు అడుగు. రోడ్డు పక్క చింతచెట్ల మధ్యలోంచి ఎండ, నీడ, ఎండ, నీడ అని తగులుతుంటే మామూలు ఎండ కంటే ఎక్కువ ఇబ్బంది. టీచరుతో మాట్లాడి క్లాసులో కూడా కిటికీకి ఎదురుగా కాకుండా కూర్చోబెట్టించు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ (వికలాంగుల పునరావాస కేంద్రం) ఉంది, అక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే నిపుణుణ్ణి, కలువు. పిల్లాణ్ణి చూసి చెబుతారు, నేను చెప్పేది మావాడి లెక్క మాత్రమే.

అలాగని ఇంట్లోనే మూసిపెట్టకు. పదేళ్లప్పుడు మావాడు కాళ్లు నొప్పులంటే పరీక్ష చేయిస్తే డి విటమిన్ అడుగంటింది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో డి రాదు, పొద్దుపొద్దున్నే లేత ఎండలోనూ పెద్దగా ఉండదు. చలికాలంలో పది గంటలప్పుడు ముఖం నీడలో, కాళ్లూ చేతులూ ఎండలో ఉండేలా గోడవారన కూర్చోబెట్టేదాన్ని, పదినిమిషాలు. డాక్టరు రాస్తే చుక్కలో, పొడి ప్యాకెట్లో వాడు. ఆ 60,000 యూనిట్లవి మాత్రం మందుల షాపులో అడిగి నీ అంతట నువ్వు వేయకు, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. రోహిణి కార్తెలో అసలే వద్దు, పడమటి గాలి తిరిగాక పెద్దవాళ్లమే తట్టుకోలేం. పిల్లాడు చిరాకు, కోపం తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందు వాడుతుంటే వడదెబ్బ త్వరగా తగులుతుంది, డాక్టరును అడుగు.

మీ అత్తగారితో వాదించకు. ఆమెను ఒక మధ్యాహ్నం వాడి చోట కూర్చోమను, చాలు.

సంక్రాంతికి ఇటు రండి. సాయంత్రం నాలుగున్నర దాటాక మైపాడు పోదాం, అప్పటికి పొద్దు మన వీపు వైపుకు వాలిపోయి ఉంటుంది, సముద్రం మీద మెరుపు ఉండదు. మీ గొడుగు మీరు తెచ్చుకోండి. మావాడు ఇరవై ఏడేళ్లొచ్చినా తన గొడుగు ఎవరికీ ఇవ్వడు, అడిగితే అలుగుతాడు.

మీ పెద్దమ్మ