స్టెంట్ ఉండగా హెర్నియా ఆపరేషన్: మాత్రలు ఎవరు ఆపమన్నారు?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ఏడు నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. గజ్జల్లో హెర్నియా ఉంది, పడుకుంటే లోపలికి పోతుంది. త్వరలో ఆపరేషన్ చేయించాలని, తెలిసినవారు చెప్పగా రక్తం పలుచబడే మాత్రలు రెండూ నాలుగు రోజుల క్రితం ఆపేశాం. పూర్తి మత్తు మంచిదా, వెన్నుకు ఇచ్చే మత్తు మంచిదా? వెన్నుకు ఇస్తే జీవితాంతం నడుము నొప్పి తప్పదంటున్నారు. మందుల చీటీ జతచేస్తున్నాను. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపు మాత్రలు కూడా వాడుతున్నారు.
- ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: మీరు మత్తు గురించి అడిగారు గానీ, నన్ను కలవరపెట్టింది ఆ ఆపేసిన మాత్రలు. గుండెపోటు తర్వాత స్టెంట్ వేసినవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రెండు మందులను సాధారణంగా ఏడాదిపాటు కొనసాగిస్తాము. గడువుకు ముందే రెండింటినీ ఒక్కసారిగా మానేస్తే స్టెంట్ లోపల రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. ఈ జవాబు చదవగానే స్టెంట్ వేసిన వైద్యుడితో మాట్లాడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, చెమటలు ఉంటే మాత్రం 108కి ఫోన్ చేయండి.

పడుకుంటే లోపలికి పోయే హెర్నియాకు సాధారణంగా అంత తొందర ఉండదు కనుక, ఏడాది నిండేదాకా ఆగవచ్చునా అని గుండె వైద్యుడు, సర్జన్ కలిసి నిర్ణయించాలి. ఆపరేషన్ జరిగినా చాలామందికి ఆస్పిరిన్ కొనసాగించి, క్లోపిడోగ్రెల్‌ను మాత్రమే అయిదు రోజుల ముందు ఆపుతారు. అయితే ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, నొప్పి, వాంతులు మొదలైతే అది అత్యవసరం. వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

చీటీలో మూడు నెలల షుగర్ సగటు (HbA1c) 9.6 శాతం అని ఉంది. అత్యవసరం కాని ఆపరేషన్లను 8.5 దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు, ఎందుకంటే కుట్లు చీము పట్టే అవకాశం పెరుగుతుంది. అదే చీటీలో ఉన్న డపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపించడం రివాజు. లేకుంటే షుగర్ మామూలుగానే కనబడుతూ రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవచ్చు. గుండెకు, బీపీకి ఇచ్చే మెటోప్రొలాల్ మాత్రం అలవాటుగా వేసుకుంటున్నవారు ఆపరేషన్ రోజు ఉదయం కూడా మానకూడదు. ఒకే చీటీలో ఒకటి ఆపవలసినది, ఒకటి ఆపకూడనిది ఉన్నప్పుడు, తెలిసినవారు చెప్పారని మీరెలా తేల్చుకున్నారు?

ఇక మోకాళ్ల మాత్రలు. మన జిల్లాలో ఈ నొప్పులు మామూలే కనుక, పేరూ తేదీ లేకుండా కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే మాత్రలు ఇంటింటా కనిపిస్తాయి. వాటిలో నొప్పి మందు ఉంటే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. స్టెరాయిడ్ ఉండి, నెలల తరబడి వాడి ఉంటే, శరీరం తన స్టెరాయిడ్‌ను తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది, ఆపరేషన్ మధ్యలో బీపీ పడిపోవచ్చు. అలాగని వాటినీ ఇంట్లోనే హఠాత్తుగా ఆపవద్దు. ముందు వైద్యుడికి చూపండి.

మత్తు విషయం: వెన్నుకు ఇచ్చే మత్తువల్ల జీవితాంతం నడుము నొప్పి వస్తుందన్నది అపోహ. కొన్నాళ్లు సూది గుచ్చిన చోట నొప్పి, కొందరికి తలనొప్పి ఉండవచ్చు. గుండె జబ్బువారికి అదే సురక్షితమని కూడా చెప్పలేము. క్లోపిడోగ్రెల్ వాడుతుండగా వెన్నులో సూది వేయరు. ఏది తగినదో రోగిని పరీక్షించిన మత్తు వైద్యుడే చెప్పాలి, నేను ఇక్కడినుంచి చెప్పడం సరికాదు. ఆ పరీక్షకు వెళ్లేటప్పుడు స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి కాగితం, అన్ని మందుల స్ట్రిప్పులు, ఆ పొట్లం కూడా ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి.