ప్రకాశం బ్యారేజీకి ఒక కొత్త స్తంభం

సత్యనారాయణపురం,
విజయవాడ

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. గుంటూరు నుంచి నువ్వు పంపిన బొమ్మలు చూశాను. ప్రకాశం బ్యారేజీని 70 గేట్లతోనూ లెగో ఇటుకల్లో కట్టాలనుకోవడం చాలా నచ్చింది. గేటుకు ఇటుక పైనుండే బొడిపెలు (స్టడ్లు) మూడు, స్తంభానికి ఒకటి అని నువ్వు వేసిన లెక్క సరైనదే. 280 బొడిపెలు, బొడిపెకు 8 మిల్లీమీటర్లు, అంటే రెండుంపావు మీటర్ల వంతెన.

నీ ప్రశ్న ఆ స్తంభం గురించే కదా. నీటివైపు కోసుగా ఉండే ముక్కు ఏ ఇటుకతోనూ కుదరడం లేదని, త్రీడీ బొమ్మలు గీసే బ్లెండర్‌లో గీసి, కంప్యూటర్లో లెగో నమూనాలు కట్టే స్టూడియోలోకి తెచ్చుకుంటానని రాశావు. తెచ్చుకో. అయితే అంతకుముందు లెగో భాగాల కంప్యూటర్ ఫైళ్లుండే ఎల్‌డ్రా లైబ్రరీలో ఒక పూటంతా వెతుకు. ఇంకా అధికారికంగా చేరని భాగాలు కూడా అక్కడ విడిగా ఉంటాయి. ఈ వంతెనను నిజం ఇటుకలతో కూడా కట్టాలని ఉంటే ఇది మరీ ముఖ్యం. నువ్వు గీసిన భాగం ఏ దుకాణంలోనూ దొరకదు, త్రీడీ ప్రింటింగ్ చేయించుకోవాల్సిందే.

దొరకకపోతే మొదట కొలతల సంగతి చూడు. ఎల్‌డ్రాలో మిల్లీమీటర్లు ఉండవు, దానికి సొంత కొలమానం ఉంది. అందులో ఒకటి మన 0.4 మిల్లీమీటర్లకు సమానం. ఒక బొడిపెకు పట్టే చోటు వెడల్పు 20, ఇటుక ఎత్తు 24, ప్లేటు ఎత్తు 8. మిల్లీమీటర్లలో గీసినదాన్ని 2.5తో హెచ్చించాలి. నేను మొదటిసారి చేసిన కమాను ఈ హెచ్చింపు మరిచిపోవడం వల్ల ఐదింట రెండు వంతుల పరిమాణంలోనే వచ్చింది. తప్పు ఎక్కడుందో తెలియక గీసిన బొమ్మనే మూడుసార్లు మార్చాను. నువ్వు మాత్రం ఏ కొత్త భాగం తెచ్చినా ముందు 3001 పక్కన పెట్టి చూడు. అది రెండుకు నాలుగు బొడిపెల మామూలు ఇటుక. దాని పక్కన నిలబెడితే తేడా కంటికే తెలుస్తుంది.

కంటికి తెలియని తేడా ఇంకా ప్రమాదం. స్తంభం వెడల్పు 20కి బదులు 20.3 వచ్చిందనుకో. ఒక్కదాన్ని చూస్తే ఏమీ కనిపించదు. గేట్లూ స్తంభాలూ పక్కపక్కన ఆనించుకుంటూ పోతే డెబ్బయ్యోది దాటేసరికి 21 పెరుగుతుంది. అంటే అవతలి ఒడ్డు ఒక బొడిపె కన్నా ఎక్కువే జరిగిపోతుంది. అందుకే బ్లెండర్‌లో మౌసుతో లాగి వదిలేయకు, అంకెలు టైపు చెయ్యి.

రెండోది మూలబిందువు, అంటే భాగం కొలతలన్నీ మొదలయ్యే సున్నా చోటు. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఎల్‌డ్రాలో పైకి వెళ్లేకొద్దీ వై విలువ తగ్గుతుంది, కిందికి దిగితే పెరుగుతుంది. బ్లెండర్‌లో పైదిక్కు జెడ్. ఈ మార్పు చూసుకోకపోతే స్తంభం పక్కకు పడుకునో తలకిందులుగానో వస్తుంది. మామూలు ఇటుకలో మూలబిందువు పై ముఖం నడిమధ్యన, బొడిపెల మొదట్లో ఉంటుంది. నీ స్తంభం మూడు ఇటుకల ఎత్తయితే పైన 0, అడుగున 72 రావాలి. స్తంభాలన్నీ ఒకే ఫైలును పిలుచుకుంటాయి కాబట్టి ముక్కు వంపును తర్వాత ఎప్పుడు సరిదిద్దుకున్నా అన్నిచోట్లా మారుతుంది, నష్టం లేదు. మూలబిందువును తర్వాత జరిపావో, అన్ని స్తంభాలూ ఒక్కసారిగా జరుగుతాయి. కాబట్టి రెండో స్తంభం పెట్టకముందే దీన్ని తేల్చుకో.

ఒక్కో భాగాన్ని రాసి ఉంచే ఎల్‌డ్రా డాట్ (.dat) ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవడం అలవాటు చేసుకో. అదంతా మామూలు అక్షరాలే. 1తో మొదలయ్యే వరుస మరో ఫైలును పిలుస్తుంది, 2 అంచు గీత, 3 త్రిభుజం, 4 చతుర్భుజం. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ 1995లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆయన 1997లో, చిన్న వయసులోనే పోయారు. ఇన్నేళ్లుగా ఎక్కడెక్కడి అభిమానులో ఆ లైబ్రరీని పెంచుతూనే ఉన్నారు. చదవగలిగేలా రాసి పెట్టడం వల్లే అది సాధ్యమైందని నా నమ్మకం.

ఆ వరుసల్లో రెండో అంకె రంగు. అక్కడ 16 ఉంటే ఎంచుకున్న రంగు వస్తుంది. 4 ఉంటే నువ్వేం చేసినా ఎరుపే. తిప్పి చూసినప్పుడు గోడలు మాయమైతే ముఖాల బిందువులు తప్పు వరుసలో ఉన్నట్టు. ఫైలు పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో పెట్టు. ఉన్న భాగం నంబరు మాత్రం వాడకు.

ఇక అతుకు. కొండపల్లి బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడితో చేసిన ముద్దతో అతికిస్తారు. మనకు జిగురు లేదు, బొడిపెలే పట్టుకోవాలి. అడుగు భాగాన్ని గట్టిగా మూసేస్తే కింది ఇటుక బొడిపె అందులోకి దూరదు. గోడను 4 మందంలో ఉంచి లోపల ఖాళీ వదులు. బొడిపెను నువ్వు గీయకు, లైబ్రరీలో ఉన్న బొడిపె ఫైలునే పిలువు. ఆ తర్వాత స్టూడియో కోసం కొత్త భాగాలు తయారుచేసే పార్ట్ డిజైనర్‌లో ఎక్కడ బొడిపె ఉందో, ఎక్కడ దాన్ని పట్టే గుంట ఉందో ఒక్కొక్కటిగా చూపించు. ఆకారం ఎంత అందంగా వచ్చినా ఈ పని చేయకపోతే అది ఇటుక మీద కూర్చోదు, గాలిలో తేలుతూ ఉంటుంది. నాకు ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, నీకూ పట్టనీ.

స్టూడియోలో కొత్త భాగం కనిపించకపోతే ఒకసారి మూసి తెరువు.

మొత్తం వంతెన ఇప్పుడే వద్దు. ఒక్క స్తంభం, దానికి అటొక గేటు, ఇటొక గేటు పెట్టి పంపు. నమూనా ఫైలుతోపాటు డాట్ ఫైలు కూడా జత చెయ్యి, లేకపోతే నా దగ్గర స్తంభం ఉన్నచోట ఖాళీ కనిపిస్తుంది. ఆదివారం కొలిచి చూసి ఫోను చేస్తాను. అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

నీ పెదనాన్న