నాలుగో బోరుకు ముందు ఈ మామ మాట కాస్త విను

అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసింది, నాలుగో బోరు పాయింట్ చూడ్డానికి టెంకాయ పట్టే ఆయన్ని పిలిపిస్తాండావంట. టెంకాయ నిలబడుతుందో లేదో నీ ఇష్టం గానీ, ఆ డబ్బులు బ్యాంకులోనే ఉంచి ఈ ఒక్క వానాకాలం వాన నీళ్ళు చేలోనే ఇంకేట్టు నేను చెప్పినట్టు చేసి చూడు. మూడు బోర్లు దించి రెండు ఎండబెట్టుకున్నోణ్ణి కాబట్టి చెప్తాండా.

మన అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ గట్టిగా నాలుగు వానలు పడి మళ్ళీ మొగం చూపించదు. లెక్కెయ్యి, ఎకరాలో 1 మిల్లీమీటర్ పడితే 4,000 లీటర్లు, 30 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడిందంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 24. అవన్నీ మన ఎర్రమట్టిని మోసుకుని వంకలోకి పోతాంటే మనం గట్టు మీద నిలబడి ఆహా ఏం వాన అనుకుంటాం.

ఈసారి వాన పడేటప్పుడే గొడుగేసుకుని చేలోకి పో, నీళ్ళు యాడ మొదలై యాడ ఉరుకుతాండాయో చూడు. పని పైనుంచి మొదలుపెట్టు. అందరూ ముందు చేను కింద ఫారంపాండ్ అని నీళ్ళ గుంట తవ్వి ఫోటో దిగుతారు, రెండేళ్ళకు అది మట్టితో పూడిపోతుంది. వాలు చూసుకోడానికి ఇంజనీరు అక్కర్లా, ఆరడుగుల కట్టెలు రెండు ఇంగ్లీషు A అక్షరంలా కట్టి, మధ్యలో అడ్డకట్టె వేసి, పైనుంచి దారానికి రాయి వేలాడదియ్. దారం అడ్డకట్టె నడిమి గుర్తు మీదికి వస్తే రెండు కాళ్ళూ సమానం, అట్లా నడిపించుకుంటా సున్నం వేసుకుంటా పో. ఆ గీత మీదే కందకం, కింది పక్క గట్టు, దున్నేది కూడా వాలుకు అడ్డంగానే.

గట్టుకు మడవ, అదే ఎక్కువైన నీళ్ళు పోయే దారి, మర్చిపోవద్దు, రాళ్ళు పేర్చి పెట్టు. నేను చుక్క నీళ్ళు బయటికి పోకూడదని మొండిగా మూసేసినా, ఒక్క రాత్రి వానకి గట్టు తెగి కింది చేను చెనక్కాయ మొత్తం కొట్టుకుపోయింది, ఆ చేనాయన ఏడాది నాతో మాట్లాడలా.

ఇంకోటి, చేను నడిమి నుంచి ఒక ఎండు పెడ్డ, గట్టు మీది కానుగ చెట్టు కిందినుంచి ఒకటి తెచ్చి రెండు గ్లాసుల నీళ్ళలో వెయ్. చెట్టు కిందిది నిలబడుతుంది, నీ చేను పెడ్డ బిస్కెట్ లాగా కరిగిపోతుంది చూడు, అట్లాంటి నేల వాన పడంగానే చెక్కు కడుతుంది, ఇంక నీళ్ళు యాడ ఇంకుతాయి? అందుకే నేల ఖాళీగా ఉంచొద్దు, చెనక్కాయ ఒక్కటే కాకుండా కంది, ఆముదం, అనుములు, కొర్ర కలిపి వెయ్, కంది కట్టె, ఆకు కాల్చకుండా చేలోనే పరిచెయ్.

ఏడాదికే బోరు పొంగుతుందని ఆశపడొద్దు. లోతుకు దిగిన నీళ్ళు పక్కోడి బోరూ లాగుతుంది, పై మట్టిలో నిలిచిన తేమ మాత్రం నీదే, బెట్ట వచ్చినప్పుడు ఇంకో వారం పైరును నిలబెట్టేది అదే. ఆ పక్కోడి బాధ ఉండకూడదనే మహారాష్ట్ర హివరే బజార్‌లో సేద్యానికి బోర్లే వద్దనుకున్నారు, ఏటా వాన కొలిచి ఏ పంట వెయ్యాలో ఊరంతా కూర్చుని తేల్చుకుంటారు. మనూళ్ళో అది జరిగేదానికి ఇంకా టైమ్ పడుతుందిలే, ఎవురి బోరు వాళ్ళకు దేవుడు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకే వస్తా, కట్టెలు రెండు కొట్టి పెట్టు. టెంకాయ ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పు.

మీ మామ