ఇళ్లకు తిరిగే ఉద్యోగం అని దిగులుపడుతున్న నాన్నకు

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఏ పూర్తిచేసింది. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, కష్టాల్లో ఉన్న కుటుంబాలకు సాయపడే ఉద్యోగం చేస్తానంటోంది. అదే పని యూకేలో అయితే మంచి జీతమని విజయవాడలో ఒక కన్సల్టెన్సీవాళ్లు చెబుతున్నారు. ఇక్కడ మేలా, అక్కడ మేలా? ఇళ్లిళ్లూ తిరిగే ఉద్యోగమంటే సంబంధాలు రావేమోనని వాళ్లమ్మ దిగులు.
– ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: మీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలోనే ఉందండీ. దిగులు వాళ్లమ్మదని రాశారు గానీ, సగం మీదేనని నాకనిపిస్తోంది.

ముందు యూకే సంగతి. 'సోషల్ కేర్' అన్న ఒక్క మాట కింద మూడు పనులు కలిపేసి చెబుతున్నారు. పెద్దవాళ్లకు స్నానం చేయించి, తినిపించి చూసుకునేది కేర్ వర్కర్. పిల్లల పెంపకంలో చితికిపోతున్న ఇంటికి వెళ్లి తోడుండేది ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్. సోషల్ వర్కర్ వేరు. ఇంగ్లండ్‌లో 'సోషల్ వర్క్ ఇంగ్లండ్' దగ్గర రిజిస్టరు కానివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు. కేర్ వర్కర్లు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలు 2024 మార్చిలో పోయింది. బయటి దేశాల నుంచి కొత్తగా వాళ్లను తీసుకోవడం 2025 జులై 22న ఆగిపోయింది. మీ కన్సల్టెన్సీవాళ్లు ఇవి చెప్పారా? ఏ ఉద్యోగానికి, ఏ వీసా మీద పంపుతారో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వనివాళ్లకు ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టొద్దు. స్థలం అమ్మి పంపి, తర్వాత నా ముందు కూర్చుని ఏడ్చిన తండ్రులున్నారు.

ఇక్కడి పని ఎలా ఉంటుందో చెబుతాను. నాకు తెలిసిన ఒకమ్మాయి జిల్లా బాలల సంరక్షణ విభాగంలో చేస్తోంది. ఎనిమిదో తరగతి పిల్లాడు బడి మానేశాడని ఒకింటికి వెళ్లింది. తండ్రి లేడు, తల్లి మిర్చికి తొడిమలు తీసే కూలి. మొదటిసారి ఆమె తలెత్తి మాట్లాడలేదు. రెండోసారి ఈ పిల్ల పక్కన కూర్చుని తనూ తొడిమలు తీసింది. చేతులు మంటెక్కాక గానీ మాట కలవలేదు. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద అలాంటి పిల్లాడికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కానీ తండ్రి చెన్నై ఆస్పత్రిలో పోయాడు, మరణ ధ్రువపత్రం లేదు. అది చేతికొచ్చేదాకా ఈ అమ్మాయే ఆ తల్లి వెంట తిరిగింది. పిల్లాడు మళ్లీ బడికి వెళ్తున్నాడు. మీరు 'తిరుగుడు' అన్నది దీన్నేనండీ. సాఫ్ట్‌వేర్ అమ్మాయి రాత్రి పన్నెండుకు క్యాబ్ దిగితే గొప్పగా చెప్పుకుంటాం, పట్టపగలు ఐడీ కార్డు వేసుకుని ఒక గడప ఎక్కితే పరువు పోతుందా?

లోపాలు దాచను. ఈ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే. మొదటి జీతం చూసి మీరు నిట్టూరుస్తారు. కొన్ని ఇళ్లలో చూసింది రాత్రి నిద్రపోనివ్వదు. అయినా డిగ్రీ చేతిలో ఉంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే వన్‌స్టాప్ సెంటర్లు, ఆస్పత్రులు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు ఉన్నాయి. మీ అమ్మాయి ఖాళీగా కూర్చోదు. ఆ భయం వదిలేయండి.

ఎమ్మెస్‌డబ్ల్యూ నాగార్జున యూనివర్సిటీలోనే ఉంది, ఇంటి నుంచి బస్సులో వెళ్లిరావచ్చు. చేరేముందు ఒక నెల ఏదైనా పిల్లల సంస్థలో వాలంటీరుగా పంపండి. ఇంత ఉత్తరంలో ఆ పిల్లకు ఈ పని ఎందుకిష్టమో ఒక్క ముక్క లేదు. అడిగి ఉండరు. ఆ నెలలో ఒక సాయంత్రం తను ఇంటికొచ్చాక, ఈరోజు ఏం చూశావమ్మా అని అడగండి. ఆ పూట సంబంధాల మాట ఎత్తకండి.