రెండో భాగం రాయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి కిట్టూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ సిరీస్‌కి రెండో సీజన్ ఓకే అయిందని, ఈసారి కథ కూడా నువ్వే రాస్తున్నావని చెబుతూ ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయిరా. ఆ ఊపులోనే "దసరాకి రిలీజంట అన్నయ్యా" అంది. ఇంకా కథే లేదు, అప్పుడే తేదీ వచ్చేసిందా? ఇక నాకు నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలుసు. మొదటి సీజన్ మొత్తం మళ్లీ చూడు. ఎవరి వయసెంతో, ఎవరు ఎవర్ని ఏమని పిలిచారో రాసిపెట్టుకో. టైటిల్స్‌లో నీ పేరు ఎలా పడుతుందో సంతకానికి ముందే కాగితం మీద పెట్టించుకో.

ఇక నా సంగతి విను. మీ అమ్మకు కూడా సగమే తెలుసు.

నాకు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు ఒక నాటిక రాశాను. కులం కాని పెళ్లి చేసుకుందని కూతురితో పదేళ్లు మాట్లాడని తండ్రి కథ. తల్లి పోయిన కబురు కూడా ఆ పిల్లకు పంపడు. చివర్లో కూతురు గుమ్మం ముందు నిలబడితే, ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి "కాళ్లు కడుక్కుని లోపలికి రామ్మా" అంటాడు. తెర పడేది. నాటక పరిషత్తుల పోటీల్లో బహుమతులు వచ్చాయి. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేవాళ్లు.

మరుసటి ఏడు ఒక పరిషత్తువాళ్లు రెండో భాగం కావాలన్నారు. గడువు మూడు వారాలు. నేనేం చేశానో తెలుసా? మొదటి రంగంలోనే ఇంటి వాటా గొడవ పెట్టి తండ్రీకూతుళ్లను మళ్లీ విడదీశాను. విడదీస్తేనే కదా చివర్లో కలపగలను! మళ్లీ అదే గుమ్మం, అదే చెంబు. ఈసారి ఎవ్వరూ ఏడవలేదు. కుర్చీలు జరుపుకుంటూ లేచి వెళ్లిపోయారు. మేకప్ గది దగ్గర ఒక పెద్దాయన నా కోసం నిలబడి ఉన్నాడు. "పోయినేడు ఆ పిల్ల ఇంట్లోకి వెళ్లిందని మేం నిశ్చింతగా ఇంటికెళ్లాం బాబూ. నువ్వు మళ్లీ తీసుకొచ్చి బయట నిలబెట్టావే" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

కథ ఇంట్లోనే ఉందిరా, నేను చూడలేదు. లోపలికొచ్చిన కూతురికి తల్లి ఫొటో మీద దండ కనిపిస్తుంది కదా! ఆ రాత్రి తండ్రి ఏం చెప్పగలడు? తెల్లారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం ఎలా తింటారు? మొదటి భాగంలో నేనే పెట్టిన బాకీ అది. దాన్ని వదిలేసి వాటాల గొడవ ఎక్కణ్ణుంచో తెచ్చాను.

2021లో 'దృశ్యం 2' చూసినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. రాంబాబు కుటుంబం మొదటి భాగంలో హత్య కేసు నుంచి తప్పించుకుంది. రెండో దాంట్లో ఆ గెలుపును తుడిచెయ్యలేదు. తప్పించుకున్నవాళ్లు ఇన్నేళ్లూ భయంతో ఎలా బతికారన్నదే కథ. పెద్ద కూతురు ఆ రాత్రి నుంచి ఇంకా తేరుకోలేదు. పోలీస్ స్టేషన్ కింద పాతిన శవం అక్కడే ఉంది. కొత్తగా ఎక్కణ్ణుంచీ తేనక్కర్లేకపోయింది.

మీవాళ్లు 'బాహుబలి' మాట ఎత్తుతారు. కంగారుపడకు. 2015లో అడిగిన ప్రశ్నకి 2017లో జవాబు చెప్పారు, అది రెండు ముక్కలుగా తీసిన ఒకే కథ. 'ఆర్య 2'కి పేరే తోడు, మనుషులు వేరు. 'డీజే టిల్లు'లో టిల్లు లాంటి పాత్రయితే మాటతీరు పోకుండా కొత్త చిక్కులో పడేస్తే చాలు, జనం వచ్చేది ఆ నోటి కోసమే. నీ కథ వీటిలో ఏదీ కాదు.

మీ మొదటి సీజన్‌లో సుభద్రమ్మ ముప్పై ఏళ్లు మెస్ నడిపి, తాళం వేసి, చివరి సీన్లో జీవితంలో మొదటిసారి ఇంకొకరు వడ్డిస్తుంటే కూర్చుని తింది. ఆ సీన్ నేను నాలుగుసార్లు చూశాను. మా అమ్మ ఒక్కపూటైనా అలా తినలేదు. "మెస్ సెట్ జనానికి నచ్చింది" అని ఎవరో అన్నారని, మొదటి ఎపిసోడ్‌లోనే ఆవిణ్ణి మళ్లీ పొయ్యి దగ్గర నిలబెట్టావంటే నేను నీతో మాట్లాడను. తనంతట తనే పొయ్యి దగ్గరికి వెళ్లాలనుకుంటే వెళ్లనీ. ఎందుకెళ్లిందో ఆ విస్తరి ముందు కూర్చున్నప్పటి ఆవిడ మొహంలోనే వెతుకు.

తేదీకి భయపడకు. కథ కుదరకపోతే ఇంకో నెల కావాలని అడుగు. నేను నోరు తెరిచి అడగలేదు.

రాత్రిళ్లు టీలతో కడుపు నింపుకోకు. మీ అత్తయ్య కందిపొడి పంపుతోంది. వీలు చూసుకుని ఒక ఆదివారం తెనాలి రా. నా రెండు నాటికలూ ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. రెండోదే ముందు చదువు.

మీ మామయ్య