పులికాట్‌లో చూడ్డానికి ఏముంది?

ప్రశ్న: మేం తండయార్‌పేటలో ఉంటాం. నెల్లూరు నుంచి మా మామగారు వచ్చారు, డెబ్బై దాటాయి. ‘ప్రళయ కావేరి ఇక్కడికి దగ్గరే కదమ్మా, ఓసారి చూపించండి’ అంటున్నారు, పులికాట్ సరస్సుని ఆయన అలాగే అంటారు. మావారేమో పులికాట్‌లో పాత సమాధులు, చేపల వాసన తప్ప ఏమీ ఉండదు, మహాబలిపురం వెళ్దాం అంటారు. మా పదేళ్ల బాబుకి పడవ ఎక్కాలని ఉంది. ఒక్క రోజులో వెళ్లి రావచ్చా? వెళ్తే ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: తప్పకుండా వెళ్లండి, మీ మామగారి మాటే వినండి. ముందు పడవ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే నాకు టెన్షన్ అంతా దాని గురించే. 2011 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజున, ఈ సరస్సులోనే షికారు పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. ఆ తర్వాత టూరిస్టుల్ని పడవల్లో తిప్పడం నిషేధించారు. ఒడ్డున ఎవరైనా వచ్చి ‘రండి సార్, ఒక్క రౌండ్’ అని పిలిచినా, బాబు ఎంత ఏడ్చినా, చేపల పడవ ఎక్కించొద్దు.

ఇక సమాధులంటారా, నేనైతే వాటి కోసమే వెళ్తాను. మద్రాసు కోటకి ఇంగ్లీషువాళ్లకి స్థలం దొరికింది 1639లో. దానికి దాదాపు ముప్ఫై ఏళ్ల ముందే డచ్చివాళ్లు పులికాట్‌లో దిగారు. వాళ్లకి 1610లో అనుమతి ఇచ్చింది ఎవరనుకుంటున్నారు? విజయనగర రాజు వెంకటపతి రాయలు. అంటే పులికాట్‌లో డచ్చివాళ్ల కథ మన రాయల కాగితంతోనే మొదలైంది, ఈ సంగతి మీ మామగారికి చెప్పి చూడండి, మహాబలిపురం ఊసే ఎత్తరు. 1613లో కోట కట్టుకుని గెల్డ్రియా అని పేరు పెట్టారు, 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమండల్ తీరం మొత్తానికి అదే వాళ్ల ముఖ్య కేంద్రం. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. ఇప్పుడు కోట దగ్గర ముళ్లపొదలు, కందకం ఆనవాళ్లు తప్ప గోడలు ఉంటాయని ఆశపెట్టుకోవద్దు.

డచ్చి శ్మశానం మాత్రం నిలబడి ఉంది, పురావస్తు శాఖ కాపాడుతోంది. వాకిలికి రెండు వైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఉంటాయి, బాబు అక్కడ్నుంచి ఓ పట్టాన కదలడు. లోపల 1600ల నాటి సమాధి రాళ్ల మీద ఉబ్బెత్తు అక్షరాలు, వంశ చిహ్నాలు ఎంత శ్రద్ధగా చెక్కారో చూడండి, తొందరపడి బయటికి రాకండి.

అంత దూరం వాళ్లు వచ్చింది మన గుడ్డ కోసం. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు మన తీరపు అద్దకం బట్టలు, గళ్ల బట్టలు అడిగేవారు, అందుకే ముందు ఇక్కడ గుడ్డ కొని అక్కడికి పట్టుకెళ్లేవారు. అయితే ఓడల్లో ఎక్కింది గుడ్డ ఒక్కటే కాదండీ. ఇక్కడ తయారైన తుపాకి మందు ఎక్కింది, కరువు రోజుల్లో తిండి లేక అమ్ముడుపోయిన మనుషులూ ఎక్కారు, వాళ్లని బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, బానిసలుగా తీసుకెళ్లారు. డచ్చి వర్తకులకి చెక్కిన రాళ్లు మిగిలాయి, ఆ మనుషులకి ఒక్క రాయి కూడా లేదు. ఆ శ్మశానంలో నిలబడ్డప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది వాళ్లే. బాబుకి పదేళ్లు వచ్చాయి కాబట్టి దాచకుండా చెప్పండి.

ఊళ్లో పాత మసీదులు ఉన్నాయి, విజయనగర కాలం నాటి ఆదినారాయణ పెరుమాళ్ గుడి ఉంది. ఆడవాళ్లు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతారు, నచ్చితే కొనండి, బేరం మాత్రం ఆడకండి, ఆ పనికి పట్టే టైమ్ ఎంతో చూస్తే మీరే ఆడరు. వంతెన దాటితే లైట్‌హౌస్, అవతల సముద్రం. అక్కడ నీళ్లలోకి దిగొద్దు.

వెళ్లడం సులువే. కొరుక్కుపేటలో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగితే అక్కడ్నుంచి పళవేర్కాడు బస్సులు ఉంటాయి. బస్సు మీద తమిళంలో ఆ పేరే ఉంటుంది, పులికాట్ అని వెతుక్కుంటూ నిలబడకండి. తెల్లారకముందే బయల్దేరితే చేపల వేలం అందుతుంది, రొయ్యలు, పీతలు అక్కడే కొనొచ్చు. మధ్యాహ్నం ఎండ పెద్దాయనకి కష్టం, అందుకే పదకొండులోపు తిరగడం అయిపోయేలా చూసుకోండి. మంచి హోటల్, బాత్రూమ్ చూసుకోవాలంటే పొన్నేరిలోనే.

ఒక్క విషయం. మీ మామగారి మనసులో ఉన్నది బహుశా ఫ్లెమింగోలు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రాలోనే ఉంది, పక్షుల్ని బాగా చూడాలంటే చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీదకి పోవాలి, అక్కడ రోడ్డుకి రెండు పక్కలా నీళ్లే. నేలపట్టు పక్షుల కేంద్రంలోని కొంగలు, గూడబాతులు కూడా ఆ వైపే. రెండూ ఒకే రోజులో పెట్టుకుంటే పెద్దాయన అలిసిపోతారు. ఈసారి పులికాట్ చూపించండి, నెల్లూరు తిరిగి వెళ్లే రోజున దారిలో సూళ్లూరుపేటలో దింపండి.