కుర్చీ వెంట నడువు: కేంద్ర శాసనసభ సభ్యుల మార్పులపై ఒక లేఖ

చిరంజీవికి,

బ్రిటిష్ కాలపు కేంద్ర శాసనసభలో మన తెలుగువాళ్ళ జాబితా తయారుచేస్తున్నావని తెలిసి సంతోషించాను. నీ చిత్తుప్రతిలో ప్రతి ఎన్నికకీ ఒక పేర్ల పట్టీ ఉంది. అక్కడే పొరపాటు. మనుషుల పేర్లతో మొదలుపెడితే మధ్యలో దిగిపోయినవాళ్ళు, మధ్యలో వచ్చినవాళ్ళు జారిపోతారు. స్థానాన్ని, అంటే నియోజకవర్గాన్ని, పట్టుకుని 1920 నుంచి 1947 దాకా నడువు.

1919 భారత ప్రభుత్వ చట్టం ఈ దిగువ సభకు మూడేళ్ళ గడువు పెట్టింది, గవర్నర్ జనరల్ పొడిగించుకోవచ్చు. ఎన్నికలు 1920, 1923, 1926, 1930, 1934, 1945లో జరిగాయి. వరస చూశావా? 1934లో ఎన్నికైన సభ పదకొండేళ్ళు సాగింది. 1934 ఫలితాల పట్టీని 1944కు అతికిస్తే సగం కథ తప్పినట్టే. వి.వి. గిరి 1934లో కేంద్ర సభకు వెళ్ళారు. 1937లో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు శాసనసభకు వచ్చారు, జూలైలో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. ఆయన పేరు ఎదురుగా ‘1934–45’ అని రాయడం కుదరదు. అదే ఎన్నికలో గెలిచిన ఎన్.జి. రంగా గారి పక్కన రాయవచ్చు.

పట్టికకు ఐదు గడులు గీయి: స్థానం, పేరు, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా, ఎందుకు ఖాళీ అయింది. చివరి గడే అసలైనది. మరణం, రాజీనామా, ప్రభుత్వోద్యోగం స్వీకరించడం, ఎన్నిక చెల్లదని తేలడం: కారణాలు ఇంచుమించు ఇవే. ఎన్నికైన సభ్యుడు సర్కారు కొలువులో చేరితే కుర్చీ దానంతటదే ఖాళీ. అప్పుడు గవర్నర్ జనరల్ గెజిట్‌లో ప్రకటన వేసి ఆ నియోజకవర్గాన్ని మళ్ళీ ఎన్నుకోమంటారు. కాబట్టి ఒక మార్పుకు ఖాళీ అయిన రోజు, ప్రకటన, ఉప ఎన్నిక, ప్రమాణ స్వీకారం అని నాలుగు తేదీలుంటాయి. ఏది వాడుతున్నావో మొదట్లోనే చెప్పి, చివరిదాకా అదే వాడు. ప్రమాణం చేసినవాళ్ళ పేర్లు సభా చర్చల సంపుటాల్లో ఆ రోజు కార్యక్రమం మొదట్లోనే, పక్కన నియోజకవర్గంతో సహా దొరుకుతాయి.

1930 మీద మాత్రం తీరిగ్గా కూర్చో. ఆ ఏడాది రాజీనామాలు ఒక్క విడతలో రాలేదు. శాసనసభలు వదిలిరమ్మన్న లాహోర్ కాంగ్రెస్ తీర్మానం తరవాత జనవరిలో మోతీలాల్ నెహ్రూ తదితరులు బయటికి వచ్చారు. మాలవీయ ఏప్రిల్‌లో, బ్రిటిష్ నూలుబట్టలకు సుంకంలో మినహాయింపు మీద గొడవపడి వచ్చారు. సభాధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్ రాజీనామా కూడా ఏప్రిల్‌లోనే. అందరినీ ‘ఉప్పు సత్యాగ్రహం కోసం’ అని ఒకే గాటన కట్టడం మనవాళ్ళకు అలవాటు. 1926లో ఎన్నికైన ప్రకాశం పంతులు కూడా 1930లోనే వదిలేశారు. ఏ విడతో తేదీ చూసి రాయి, ఊహించి కాదు.

పేర్లు మారితే మనిషి మారాడనుకోకు. సభ్యుల పట్టీల్లో కనిపించే డాక్టర్ గౌర్, సర్ హరిసింగ్ గౌర్ ఒకరే. స్థానాల పేర్లూ అంతే. ‘గోదావరి–కృష్ణా’ అన్నది 1925లో జిల్లాలు విడిపోయాక ‘తూర్పు, పశ్చిమ గోదావరి–కృష్ణా’ అయింది. ఇంగ్లీషు కాగితాల్లో కృష్ణ ‘కిస్ట్నా’గా, విశాఖపట్నం ‘వైజాగపటం’గా కనిపిస్తాయి.

ఇంకో ఉచ్చు ‘ఎం.ఎల్.ఏ.’ 1937కు ముందు పత్రికల్లో ఆ మాట కనిపిస్తే అది ఢిల్లీ సభ్యుడే. మద్రాసు కౌన్సిల్ వాళ్ళు అప్పుడు ఎం.ఎల్.సి.లు.

నామినేటెడ్ సభ్యులు విసిగిస్తారు. చట్టంలోని లెక్క 140: ఎన్నికైనవారు 100, నామినేటెడ్ 40, అందులో అధికారులు 26. (తరవాత మొత్తం 145కు చేరింది.) అధికారులు బదిలీలతో వస్తూ పోతూ ఉంటారు, ఒక్క సమావేశానికే వచ్చినవాళ్ళూ ఉన్నారు. నీ వ్యాసానికి వాళ్ళు అక్కర్లేదు, మొత్తం సంఖ్య చెప్పేటప్పుడు మాత్రం మరిచిపోకు. అలాగే 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయి దాని సభ్యులు వెళ్ళిపోయారు. ఆ స్థానాలకు ఉప ఎన్నికల కోసం వెతక్కు.

తెలంగాణ గడి ఖాళీగా ఉందని కంగారుపడకు. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు, సభలో దానికి స్థానమే లేదు. దీనికో వింత తోక ఉంది. బేరారు (నేటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం) పాలన బ్రిటిష్ వారిదే అయినా సార్వభౌమత్వం నిజాముది. అందుకని అక్కడ జనం ఎన్నుకున్న మనిషిని కాగితం మీద నామినేట్ చేసేవారు. ఎం.ఎస్. ఆణే అలా ‘బేరారు ప్రతినిధి’గా కూర్చున్నారు. నామినేటెడ్ అనగానే సర్కారు మనిషి అని రాసేముందు ఆయన్ని గుర్తు తెచ్చుకో.

ముందు గోదావరి–కృష్ణా స్థానం ఒక్కటి పూర్తిచేసి పంపు. దొరకని తేదీల గడుల్ని ఖాళీగానే ఉంచు, అవి ఏ సంపుటాల్లో వెతకాలో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో.